సైకిల్ వెనక లైటు: కొనే ముందు, బిగించే ముందు తరచుగా అడిగే ప్రశ్నలు

వెనక రిఫ్లెక్టర్ ఎలాగూ ఉంది. మళ్లీ లైటు ఎందుకు?

రిఫ్లెక్టర్ తనంతట తాను వెలగదు. వెనక వచ్చే బండి హెడ్‌లైటు దాని మీద పడితేనే, ఆ వెలుగును వచ్చిన దారినే తిప్పి పంపుతుంది. మలుపులో ఆ వెలుగు మీ మీద కాకుండా రోడ్డు పక్కన చెట్ల మీద పడుతుంది. డిమ్‌లో ఉన్న హెడ్‌లైటు అంత దూరం రాదు. సంధ్యవేళ ఇంకా లైట్లే వేయని డ్రైవర్లు ఉంటారు. దుమ్ము పట్టినా, పక్కకు వంగి ఉన్నా రిఫ్లెక్టర్ పనితనం ఇంకా తగ్గిపోతుంది.

ఇక్కడ కాలం లెక్క చూడండి. కారు గంటకు 60 కిలోమీటర్లు, మీరు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నారనుకుందాం. మీ ఇద్దరి మధ్య దూరం సెకనుకు సుమారు 11 మీటర్ల చొప్పున తగ్గుతుంది. 30 మీటర్ల దగ్గర మీరు కంట్లో పడితే డ్రైవర్‌కు మూడు సెకన్లు కూడా ఉండవు. అందులో ఒకటిన్నర సెకను విషయం అర్థం కావడానికే పోతుంది. అదే 200 మీటర్ల దగ్గర కనిపిస్తే 18 సెకన్లు ఉంటాయి. అంత సమయం ఉంటే వేగం తగ్గించి, పక్కకు జరిగి, ప్రశాంతంగా దాటి వెళ్లొచ్చు. వెనక లైటు కొనడమంటే ఆ సెకన్లను కొనడమే.

అలాగని రిఫ్లెక్టర్ పీకేయకండి. దానికి బ్యాటరీ అక్కర్లేదు, స్విచ్ మర్చిపోయే సమస్యా లేదు. 1968 నాటి వియన్నా రోడ్డు ట్రాఫిక్ ఒప్పందం కూడా సైకిల్ వెనక ఎర్ర రిఫ్లెక్టర్, ఎర్ర లైటు రెండూ ఉండాలనే అంటుంది.

ఎన్ని ల్యూమెన్లు ఉంటే చాలు?

ల్యూమెన్ అంటే లైటు ఇచ్చే మొత్తం వెలుగుకు కొలత. చీకటి రోడ్డు మీద రాత్రి పూట నిలకడగా వెలిగేదైతే 10 నుంచి 30 ల్యూమెన్లు చాలు. వీధి దీపాలు, షాపుల బోర్డులు, బండ్ల లైట్లు కలగాపులగంగా ఉన్న చోట 30 నుంచి 50 ఉంటే మేలు. పగటి ఎండలో కనబడాలంటే మాత్రం 100, ఆ పైన కావాలి, అదీ బ్లింకింగ్‌లో. ఇవి చట్టం చెప్పిన అంకెలు కావు, మంచి లైట్లు ఎలా పనిచేస్తాయో చూసి వేసుకున్న అంచనాలు.

అయితే డబ్బా మీద పెద్ద అక్షరాలతో ముద్రించిన ల్యూమెన్ అంకె ఒక్కటే చూసి మాత్రం కొనకండి. లైట్లు అమ్మేవాళ్లకు అది చాలా ఇష్టమైన అంకె. మీకు కావలసిన అంకె మరొకటి ఉంది.

ఏమిటా అంకె?

కాండెలా. లైటులోంచి అన్ని వైపులకూ కలిపి మొత్తం ఎంత వెలుగు వస్తుందో చెప్పేది ల్యూమెన్. ఒక ఫలానా దిక్కున ఆ వెలుగు ఎంత గాఢంగా వెళ్తుందో చెప్పేది కాండెలా. దూరాన ఉన్న డ్రైవర్ కంటికి చేరేది ఈ రెండోదే. నీళ్ల పైపు చివర వేలు అడ్డం పెడితే అవే నీళ్లు దూరంగా చిమ్మినట్టు, ఉన్న ల్యూమెన్లనే లెన్సుతో ఒక దిక్కుకు కూడగడితే వెలుగు చాలా దూరం పోతుంది.

లెక్క వేసి చూస్తే తేడా ఆశ్చర్యంగా ఉంటుంది. 60 ల్యూమెన్ల లైటు లెన్సు లేకుండా వెనక వైపున్న అర్ధగోళమంతా సమానంగా పరుచుకుంటే ఏ దిక్కున చూసినా 10 కాండెలా కూడా రాదు. అవే 60 ల్యూమెన్లను 20 డిగ్రీల సన్నని శంకువులోకి కూడగడితే సుమారు 630 కాండెలా వస్తుంది. అంటే 60 రెట్లకు పైగా తేడా! బ్యాటరీ అదే, ఎల్ఈడీ అదే, డబ్బా మీద అంకె కూడా అదే.

ఇంకో సంగతి. దూరం రెట్టింపైతే కంటికి చేరే వెలుగు సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. అందుకే గదిలో కళ్లు జిగేల్‌మనిపించిన లైటు రోడ్డు మీద కాస్త దూరం పోయాక వెలవెలబోతుంది. బల్ల మీద పెట్టి మురిసిపోతే దాని సత్తా తెలియదు. ఎవరినైనా పట్టుకుని నిలబడమని, వంద మీటర్లు నడిచి వెనక్కి తిరిగి చూడండి.

చాలా డబ్బాల మీద కాండెలా అంకె ఉండదు. అప్పుడు లైటు ముఖం చూడండి. ఎల్ఈడీ ముందు స్పష్టమైన లెన్సో, లోపల అద్దంలాంటి గిన్నో ఉంటే వెలుగును కూడగట్టే ప్రయత్నం చేశారని అర్థం. పాలరంగు ప్లాస్టిక్ వెనక పొడవుగా వెలిగే పట్టీ అయితే వెలుగు బాగా పరుచుకుంటుంది. అది దగ్గర్లో అందంగా కనిపిస్తుంది కానీ దూరానికి అంత పనికిరాదు.

అయితే వెలుగు ఎంత సన్నగా ఉంటే అంత మంచిదా?

కాదు. కూడళ్ల దగ్గర బండ్లు పక్కనుంచి వస్తాయి. రోడ్డు వంపు తిరిగినా, మీరు గుంట తప్పించడానికి పక్కకు తిప్పినా సన్నని వెలుగు డ్రైవర్ మీదినుంచి జారిపోతుంది. మధ్యలో గట్టి వెలుగు, పక్కలకు పలుచని వెలుగు రెండూ ఇచ్చే లైటే సరైనది. లైటు అంచుల్లో పక్కకు తెరిచిన కిటికీల్లాంటి ఎర్ర భాగాలు ఉన్నాయో లేదో చూడండి. సైకిల్‌కు సరిగ్గా పక్కన నిలబడి చూసినా వెలుగు కనిపించాలి.

బ్లింకింగ్‌లో పెట్టాలా, నిలకడగా వెలగనివ్వాలా?

సైకిల్ తొక్కేవాళ్లలో దీని మీద నడిచినంత వాదన ఇంకే విషయం మీదా నడవదేమో.

ఆరి వెలిగే లైటును కన్ను త్వరగా పట్టుకుంటుంది. చుట్టూ నిలకడగా వెలిగే లైట్లు వంద ఉన్నా అదొక్కటీ వేరుగా కనిపిస్తుంది. అక్కడితో ఆగితే బ్లింకింగే గెలిచినట్టు. కానీ డ్రైవర్ చేయాల్సిన పని మిమ్మల్ని గమనించడంతో అయిపోదు. ఎంత దూరంలో ఉన్నారు, ఏ వైపు జరుగుతున్నారు, తను ఎంత వేగంగా దగ్గరవుతున్నాడు అన్నవి కూడా తేల్చుకోవాలి. చీకట్లో ఆరిపోయిన ప్రతిసారీ కంటికి ఆ ఆధారం పోతుంది. మళ్లీ వెలిగేసరికి లైటు మరోచోట ఉంటుంది. కటిక చీకటి రోడ్డు మీద బ్లింకింగ్ లైటు ఒక్కటే ఉంటే, ఏదో ఉందని తెలుస్తుంది గానీ ఎక్కడుందో తేలదు.

అందుకే నా ఓటు ఇలా ఉంటుంది: పగలు బ్లింకింగ్, రాత్రి నిలకడ. రాత్రి కూడా కదలిక కావాలంటే పల్స్ మోడ్ ఉన్నది తీసుకోండి. అందులో లైటు పూర్తిగా ఆరదు, సన్నగా వెలుగుతూనే మధ్యమధ్య ఒక్కసారి పెరుగుతుంది. గమనింపూ దొరుకుతుంది, దూరమూ తెలుస్తుంది. డిస్కోలో లాగా చిత్రవిచిత్రంగా మిణికే మోడ్‌లు ఎందుకు పెడతారో నాకు అర్థం కాదు. అవి వెనకున్నవాళ్లకు చిరాకు తెప్పించడం తప్ప ఏమీ చేయవు.

చట్టాలు కూడా ఒక్క మాట మీద లేవు. జర్మనీలో సైకిల్‌కు బ్లింకింగ్ లైటు పనికిరాదు, నిలకడగానే వెలగాలి. బ్రిటన్‌లో 2005 నుంచి బ్లింకింగ్‌ను అనుమతించారు. కాకపోతే నిమిషానికి 60 నుంచి 240 సార్ల మధ్యనే మిణకాలి, వెలుగు కనీసం 4 కాండెలా ఉండాలి. మీరు తొక్కే చోట నిబంధన ఏమిటో ఒకసారి కనుక్కోండి.

పగటి పూట లైటు వేస్తే నిజంగా లాభం ఉందా?

ఉందనే చెప్పాలి. డెన్మార్క్‌లోని ఓడెన్సే నగరంలో 2004–05లో 3,845 మంది సైకిలిస్టులతో ఒక ప్రయోగం చేశారు. కొందరి సైకిళ్లకు చక్రం తిరుగుతున్నంతసేపూ అయస్కాంతంతో వెలిగే లైట్లు బిగించారు. అంటే పగలూ రాత్రీ అవి వెలుగుతూనే ఉంటాయి, ఆపడానికి వీల్లేదు. మిగతావాళ్లు మామూలుగా తొక్కారు. లైట్లు ఉన్నవాళ్లకు గాయాలైన ప్రమాదాలు 19 శాతం తక్కువగా నమోదయ్యాయి. అయితే ప్రమాదాల సంగతి పాల్గొన్నవాళ్లే స్వయంగా చెప్పారు కాబట్టి ఆ అంకెను రాతిమీద గీతగా తీసుకోనక్కర్లేదు. ఇంకో విశేషం, అవేమీ కళ్లు చెదిరే లైట్లు కావు. అవి ఎప్పుడూ వెలుగుతూ ఉన్నాయి, అంతే.

నడి ఎండలో బోసి రోడ్డు మీద కంటే, చెట్ల నీడలోకి దూరినప్పుడు పగటి లైటు ఎక్కువ పనికొస్తుంది. ఎండలోంచి వచ్చే డ్రైవర్ కళ్లు నీడకు అలవాటు పడటానికి కాస్త సమయం కావాలి. ఆ కాసేపట్లో ముదురు బట్టలేసుకున్న సైకిలిస్టు నీడలో కలిసిపోతాడు. వాన, మబ్బు, పొద్దు వాలే వేళ కూడా అంతే.

వెనక ఎరుపు రంగే ఎందుకు? తెల్లదో నీలందో పెడితే ఇంకా బాగా కనబడదా?

పెట్టకండి. ఎర్ర లైటు కనిపిస్తే బండి వీపు చూస్తున్నామని, తెల్లది కనిపిస్తే ఎదురుగా వస్తోందని ఏ డ్రైవర్ బుర్రకైనా ఆలోచించకుండానే తెలుస్తుంది. వెనక తెల్ల లైటు పెడితే మీరు ఎదురొస్తున్నారనుకుని డ్రైవర్ తప్పు లెక్క వేస్తాడు. నీలం చాలా చోట్ల పోలీసు, అంబులెన్సుల రంగు.

ఎక్కువ వెలుగు ఉంటే ఎప్పుడూ మంచిదేగా?

రాత్రి పూట కాదు. చీకటికి అలవాటు పడ్డ కంటి మీద 200 ల్యూమెన్ల ఎర్ర మెరుపు కొడితే డ్రైవర్ ముఖం తిప్పుకుంటాడు. లేదా ఆ వెలుగు చుట్టూ ఉన్నదేదీ కనబడక, మీ సైకిల్ వెడల్పు ఎంత, మీ పక్కన ఇంకొకరు ఉన్నారా అన్నది తేల్చుకోలేడు. ఎండకని పెట్టిన మోడ్‌ను రాత్రికి మార్చడం చాలామంది మర్చిపోతారు. బటన్ నొక్కితే మోడ్‌లు ఏ వరసలో వస్తాయో నేర్చుకోండి. చివరిసారి వాడిన మోడ్‌ను గుర్తుపెట్టుకునే లైటు అయితే ఇంకా మంచిది.

గుంపుగా తొక్కేటప్పుడు ఇంకా జాగ్రత్త. మీ చక్రం వెనకే అంటుకుని వచ్చే స్నేహితుడు గంటసేపు మీ లైటునే చూస్తూ ఉండాలి. నిలకడగా, అతి తక్కువలో పెట్టండి. గట్టి లైటు వరసలో ఆఖరివాళ్లకు ఉంటే సరిపోతుంది.

ఎక్కడ బిగించాలి?

మంచి లైటు కొని దాన్ని ఆకాశానికో, టైరుకో చూపించేవాళ్లు ఎంతమందో! పైన కాండెలా గురించి చెప్పిందంతా ఇక్కడే పండుతుంది, లేదా ఇక్కడే పాడవుతుంది. 20 డిగ్రీల శంకువు అంటే మధ్య నుంచి పైకి 10, కిందికి 10 డిగ్రీలే. సీటు కింది పైపు, అంటే సీట్‌పోస్ట్, నిటారుగా ఉండదు, వెనక్కి వాలి ఉంటుంది. దానికి లైటును ఊరికే కట్టేస్తే గట్టి వెలుగంతా నేల మీద పడుతుంది. ఆ వాలును సరిచేసే ఏటవాలు రబ్బరు ముక్క లైటుతో పాటు వస్తుందేమో చూసుకోండి. లైటు ముఖం నేలకు నిటారుగా నిలబడాలి, వెలుగు రోడ్డుకు సమాంతరంగా వెనక్కి పోవాలి.

తర్వాత అడ్డాలు. సీటు కింద వేలాడే సంచి, క్యారియర్ మీద మూట, పొడవాటి చొక్కా లేదా రెయిన్‌కోటు అంచు, ఇవన్నీ లైటును మింగేస్తాయి. క్యారియర్ వాడేవాళ్లయితే లైటును దాని వెనక అంచుకే బిగించండి. వెనక చక్రం పక్కనున్న ఫ్రేము కడ్డీకి పెడితే సగం వెలుగును చక్రమే ఆపేస్తుంది. తప్పనిసరై అక్కడే పెట్టాల్సి వస్తే, బండ్లు మిమ్మల్ని దాటే వైపు కడ్డీకి పెట్టండి. మెత్తని సంచికి క్లిప్పుతో తగిలించిన లైటు నాలుగు గతుకులకే తల వాలుస్తుంది.

ఎత్తు విషయంలో బ్రిటన్ నిబంధన 35 నుంచి 150 సెంటీమీటర్లు, జర్మనీది 25 నుంచి 120. సీట్‌పోస్ట్, క్యారియర్ రెండూ ఈ హద్దుల్లోనే పడతాయి. హెల్మెట్ లైటు రెండోదిగా బాగుంటుంది. ఆగి ఉన్న కార్ల మీదుగా కనిపిస్తుంది. అయితే మీరు తల తిప్పినప్పుడల్లా అదీ తిరుగుతుంది కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు.

బిగించాక సైకిల్‌ను నిలబెట్టి, మీరు మామూలుగా వేసుకునే బట్టలతో మరొకర్ని సీటు మీద కూర్చోబెట్టి, ముప్పై అడుగులు వెనక్కి నడవండి. కారు డ్రైవర్ కన్ను ఉండే ఎత్తుకు కాస్త వంగి చూడండి. లైటు మధ్యభాగం సూటిగా కంట్లోకి కొడుతుంటే సరే. లేకపోతే తిప్పి మళ్లీ చూడండి.

ఒక లైటు చాలా, రెండు కావాలా?

నన్నడిగితే, ఖరీదైన ఒక్క లైటు కంటే మామూలువి రెండు మేలు. వెనక లైటు ఆరిపోతే తొక్కేవాడికి తెలియదు, అదే దానితో ఉన్న చిక్కు. ముందు లైటు ఆరితే రోడ్డు కనిపించదు కాబట్టి వెంటనే ఆగుతాం. వెనకది ఆరినా ధైర్యంగా తొక్కుతూనే ఉంటాం. రెండుంటే ఒకటి నిలకడగా, ఒకటి పల్స్‌లో పెట్టుకోవచ్చు కూడా. దూరం తేల్చడానికి ఒకటి, కంట్లో పడటానికి ఒకటి. రెండింటికీ ఒకే రోజు ఛార్జింగ్ పెట్టకండి, రెండూ ఒకేసారి అయిపోకుండా ఉంటాయి.

డబ్బా మీద 40 గంటలని ఉంది. నాకు మూడు గంటలకే ఎందుకు ఆరిపోతోంది?

ఆ 40 గంటలు అతి పొదుపు బ్లింకింగ్‌కు చెప్పింది, మీరు వాడుతున్నది పెద్ద వెలుగు. అబద్ధం కాదు గానీ పూర్తి నిజమూ కాదు. చిన్న లెక్క: 500 ఎంఏహెచ్, 3.7 వోల్టుల బ్యాటరీలో ఉండేది 1.85 వాట్-అవర్లు. ఎల్ఈడీ నిలకడగా ఒక వాటు తాగితే రెండు గంటలు కూడా రాదు. సెకనులో పదో వంతు మాత్రమే వెలిగే బ్లింకింగ్‌లో అదే బ్యాటరీ పది రెట్లు ఎక్కువసేపు వస్తుంది. అందుకే కొనేటప్పుడు మీరు నిజంగా వాడబోయే మోడ్ పక్కన ఎన్ని గంటలు రాశారో చూడండి. మీ రోజు ప్రయాణానికి రెట్టింపు ఉంటే టెన్షన్ ఉండదు.

వెలుగు చివరిదాకా ఒకేలా ఉంటుందా, మొదట్లో మెరిసి గంట గంటకూ తగ్గుతుందా అన్నది కూడా ముఖ్యం. బ్యాటరీ తగ్గినప్పుడు ముందే హెచ్చరించి, చిన్న మోడ్‌లోకి జారి ఇల్లు చేరేదాకా వెలిగేవి ఉన్నాయి. ఠక్కున ఆరిపోయేవీ ఉన్నాయి. నేనైతే మొదటి రకమే కొంటాను, ల్యూమెన్లు కొంచెం తక్కువైనా సరే.

లిథియం బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేసి నెలల తరబడి మూలన పడేయొద్దు. సగం ఛార్జింగ్‌తో, వేడి తగలని చోట ఉంచండి. చలి బాగా ఉన్న రోజుల్లో బ్యాటరీ తొందరగా అయిపోవడం మామూలే.

బొత్తాం బ్యాటరీలతో వెలిగే చిన్న లైట్లు సంచిలో అత్యవసరానికి దాచుకోవడానికి బాగుంటాయి, రోజూ వాడకానికి వద్దు.

వానకు తట్టుకుంటుందని ఎలా తెలుస్తుంది?

ఐపీ రేటింగ్ చూడండి. ఐపీఎక్స్4 అంటే చిందే నీళ్లను, ఐపీఎక్స్6 అంటే గట్టి నీటి ధారను తట్టుకుంటుంది. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట మునిగినా పరవాలేదు. మడ్‌గార్డు లేని సైకిల్‌కు అసలు గండం ఆకాశం నుంచి కాదు, వెనక చక్రం నుంచి. అది బురదనీళ్లను సూటిగా లైటు మీదికే విసురుతుంది. ఛార్జింగ్ రంధ్రం మీద రబ్బరు మూత వదులైతే ఎంత రేటింగ్ ఉన్నా వృథా. తడి ఆరకుండా ఛార్జింగ్ పెట్టకండి.

బ్రేక్ సెన్సర్, రాడార్ ఉన్నవి కొనాలా?

బ్రేక్ సెన్సర్ ఉన్న లైటు, వేగం తగ్గగానే కాసేపు ఎక్కువ వెలుగుతుంది. పరవాలేదు, కానీ అది బ్రేక్ లైటని వెనకవాళ్లు అర్థం చేసుకుంటారని లెక్క వేసుకోకండి.

రాడార్ సంగతి వేరు. గార్మిన్ వేరియా లాంటి లైట్లు వెనక నుంచి వచ్చే బండిని 140 మీటర్ల దూరం నుంచే పసిగట్టి హ్యాండిల్ మీది తెర మీద చూపిస్తాయి. పైన చెప్పిన వేగాల్లో అయితే 12 సెకన్లకు పైగా ముందే తెలుస్తుంది. బండ్లు అరుదుగా, వేగంగా వచ్చే పొడవాటి రోడ్ల మీద అది మంచి తోడు. రద్దీ వీధుల్లో బీప్‌లు ఆగకుండా మోగి చివరికి మీరే పట్టించుకోవడం మానేస్తారు. అయినా రాడార్ మీకు బండిని చూపిస్తుంది గానీ బండికి మిమ్మల్ని చూపించదు. ఆ పని లైటుదే.

డైనమో లైటు ఇంకా పనికొస్తుందా?

రోజూ తొక్కేవాళ్లకు చాలా బాగా. చక్రం ఇరుసులో ఉండే హబ్ డైనమో సాధారణంగా 6 వోల్టులు, 3 వాట్లు ఇస్తుంది. అందులో వెనక లైటు వాటా 0.6 వాట్లే, ఎల్ఈడీకి అది చాలు. ఛార్జింగ్ గొడవే ఉండదు. సిగ్నల్ దగ్గర ఆగినా కొన్ని నిమిషాలు వెలిగే ఏర్పాటు ఉన్న లైటునే ఎంచుకోండి. దానికి లోపల కాస్త కరెంటు దాచుకునే చిన్న కెపాసిటర్ ఉంటుంది.

లైటుతో పాటు ఇంకేమైనా చేయొచ్చా?

చీలమండలకు మెరిసే పట్టీలు కట్టుకోండి. స్వీడన్ మనస్తత్వవేత్త గున్నార్ యోహాన్సన్ 1973లో ఒక సంగతి చూపించాడు. చీకట్లో మనిషి కీళ్ల దగ్గర చిన్న వెలుగు చుక్కలు మాత్రమే కనిపించినా, అవి కదలగానే అది మనిషని చూసేవాళ్లు క్షణంలో పోల్చుకుంటారు. పెడల్ తొక్కుతూ పైకీ కిందికీ ఆడే రెండు పట్టీలు చేసేదీ అదే. ఎర్ర చుక్క దూరం నుంచి ఏదో ఉందని చెబుతుంది, దగ్గరయ్యాక హెడ్‌లైటు వెలుగులో ఈ పట్టీలు అక్కడున్నది సైకిల్ తొక్కే మనిషని చెబుతాయి.

పాత లైటును ఎప్పుడు మార్చాలి?

పూర్తిగా ఛార్జ్ చేసినా మీ ప్రయాణానికి సరిపోనప్పుడు, గతుకుల్లో ఆరి వెలుగుతున్నప్పుడు, లోపల తేమ చేరి లెన్సు మసకబారినప్పుడు. ముందు ఒక తడిగుడ్డతో లెన్సు తుడిచి చూడండి. చాలాసార్లు పోయింది లైటు కాదు, పట్టింది బురద. బిగించే రబ్బరు పట్టీ చీలితే అదొక్కటే విడిగా దొరుకుతుందేమో అడగండి. పొట్ట ఉబ్బిన బ్యాటరీ కనిపిస్తే మాత్రం ఇక ఛార్జింగ్ పెట్టొద్దు. చెత్తబుట్టలో కాకుండా పాత బ్యాటరీలు తీసుకునే చోట ఇచ్చేయండి.